తవుడిచ్చి కొన్న పేరు

తెల్లారగట్ల నాలుగింటికి కాశీబుగ్గలో
నా బాయిలరూ నా ఫోనూ ఒకేసారి వేడెక్కుతాయి.
బాయిలర్లో ఆఫ్రికా పిక్కలు,
ఫోన్లో అమెరికా.
అక్కడింకా నిన్నటి సాయంత్రమే.
కోట్లు విప్పి కుర్చీలకి తగిలించి
తిట్టుకుంటూనే ఉంటారు.

నాకక్కడ ఓటు లేదు.
పక్షం మాత్రం ఉంది.
పన్ను కట్టేవాడి జేబులో చెయ్యి పెట్టేముందు
కనీసం గుమ్మం దగ్గర దగ్గమన్నవాళ్ళ పక్షం.
తాతలిచ్చిన దేవుణ్ణీ, నేను కొనుక్కున్న త్రాసునీ
ఎవడూ ముట్టుకోవద్దన్నవాళ్ళ పక్షం.

దీనికి మూలం నా పేరే.
నాకు ముందు ఇద్దరు పోయారట మా అమ్మకి.
మూడోవాణ్ణి, నన్ను చేటలో వేసి
పక్కింటి ముసల్దాని చేతిలో పెట్టి
చేరెడు తవుడు పోసి తిరిగి కొనుక్కుంది.
తవిటినాయుణ్ణయ్యాను.
రసీదు లేదు, లైసెన్సు లేదు.
మృత్యువు కూడా ఆ బేరానికి కట్టుబడింది.
మధ్యలో ఆఫీసరొకడు వచ్చుంటే
ఫారం నింపేలోగా పోయుందును.

ఆమధ్య అక్కడ సర్కారే మూతపడిందన్నారు,
బడ్జెట్ తేలక, జీతాల్లేక, ఆఫీసులకి తాళాలేసి.
ఆ రోజు షెడ్డులో అందరికీ టీ పోయించాను.
"చూశారా, పొద్దు పొడవడం మానిందా?"
మానలేదు.
సిమ్మమ్మ గ్లాసు కడుక్కుంటూ
"మరి ఆఫీసులు ఊడ్సినోల్ల కూలో బాబూ?" అంది.
బాయిలర్ చప్పుడులో విననట్టు ఊరుకున్నాను.

తర్వాత సుంకం వచ్చింది.
వేసింది ఎదుటి పక్షం కాదు,
మావాళ్ళే.
సంతకి రండని పిలిచిన నోటితోనే
సంత మొగలో గెడ అడ్డం పెట్టారు.
దేశం కోసం, అన్నారు.
గెడకి జెండా రంగు పూస్తే గుమ్మమైపోతుందా?
నిన్నటిదాకా పన్నంటే దొంగతనమన్న పెద్దమనిషి
ఇవాళ తెరమీద టై సర్దుకుంటూ
అదే దేశభక్తి అంటున్నాడు.

బేరం నాకూ, న్యూజెర్సీలో మిఠాయి చేసే ఒక ముసలాయనకీ మధ్య.
నాకిష్టం. ఆయనకిష్టం.
మూడోవాడెవడు?
రెండు వందల నలభై రకం గుడ్లు,
పాలపళ్ళలా తెల్లటివి,
విశాఖ రేవులో డబ్బాల్లో కూర్చున్నాయి.
ముసలాయన ఫోనెత్తడం లేదు.
మన దగ్గరా అంతే కదా, ఆఫ్రికా పిక్క దిగితే
మన రేవులోనూ మనవాడి చెయ్యి చాచే ఉంటుంది.
చేతుల రంగు వేరు, చాపడం ఒకటే.

ఇదంతా సాయంత్రం సిమ్మమ్మకి చెప్పాను,
వినేవాళ్ళు ఇంకెవరూ లేక.
జీడి సొనకి నల్లబడ్డ వేళ్ళకి బూడిద రాసుకుంటూ
చివరిదాకా వింది.
"తుపానుకి తోటలడిపోనప్పుడు
సర్కారు డబ్బుల లైన్లో
నువ్వు నాకన్నా ముందే ఉన్నావు కదేటి?" అంది.

ఉన్నాను.
చెట్టుకింతని తీసుకున్నాను.
పడని చెట్లు రెండు
పడ్డాయని రాయించాను కూడా.
ఈ సంగతి ఇప్పటిదాకా
ఇంట్లోవాళ్ళకీ తెలీదు.

తూకం వేళయింది.
పదకొండేళ్ళుగా రోజూ చేసేదే చేసింది:
రాయి తిరగేసి అడుగున ముద్ర చూసుకోవడం.
కోపమొచ్చేది నాకు మొదట్లో.
"నామీద నమ్మకం లేదా?"
"నీమీద నేకేం బాబూ, రాయి మీద నేదు."
ఆ ముద్ర కొట్టింది
ఏడాదికోసారి వచ్చే సర్కారు మనిషి.
వాడొచ్చిన ప్రతిసారీ నేను పళ్ళు నూరుతాను,
వాడి చేతిలో కవరు కూడా పెడతాను.

ఇవాళ రాయి నేనే తిరగేశాను.
ముద్ర అరిగిపోయింది,
ఏ ఏడాదిదో పోల్చలేనంతగా.
చూశాం ఇద్దరం.
మాట్లాడలేదు.

తూచాను.
ఆమె వైపు కాస్త మొగ్గే తూచాను.
తర్వాత చిట్టా ముందేసుకుని కూర్చున్నాను చాలాసేపు:
ఎవడూ అడగని ఆ మొగ్గుని
ఏ పద్దులో రాయాలో తోచక.